మిషన్ ట్రిప్‌కు ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వేసవి దగ్గరపడిందంటే గుంటూరు, విజయవాడ సంఘాల నుంచి ఈ శీర్షికకు ఒకే తరహా ఉత్తరాలు వస్తాయి. ఫలానా దేశంలో పేద పిల్లలున్నారు, మా యూత్ వెళ్లి సేవ చేయాలనుకుంటోంది, ఏం చేయమంటారు అని. మంచిదే. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ సముద్రం దాటి గుంటూరు వచ్చారు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1930లో కన్నుమూసేదాకా ఈ ఊరి మనిషిగానే బతికారు. ఇప్పుడు ఇక్కడివాళ్లు బయటి దేశాలకు బయల్దేరుతున్నారు. అయితే నలభై ఏళ్లకు పైగా ఉండిపోయిన మనిషి చేయగలిగే పని వేరు, పది రోజుల్లో తిరుగు విమానం ఎక్కేవాళ్లు చేయగలిగేది వేరు. ఈ నెల జవాబులన్నీ ఆ తేడా చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: వందనాలండీ. మా సంఘం యూత్ నుంచి 12 మందిమి మే నెలలో 10 రోజులు ఉగాండా వెళ్లాలనుకుంటున్నాం. కంపాలా దగ్గర అనాథాశ్రమం నడిపే ఒక పాస్టర్ గారు వాట్సాప్‌లో పరిచయమయ్యారు. 60 మంది పిల్లలున్నారట, అందరూ అనాథలేనట. వాళ్లతో ఆటలు, పాటలు, వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి) పెట్టాలని మా ఆశ. ఎలా సిద్ధపడాలి?
*యూత్ సెక్రటరీ, అరండల్‌పేట, గుంటూరు*

జవాబు: తమ్ముడూ, టికెట్ల మాట తర్వాత. ముందు ఆ హోం సంగతి తేల్చుకోండి. ఉగాండాలో పిల్లల్ని ఉంచుకునే ఏ హోమైనా 2013 నాటి ఆమోదిత గృహాల నిబంధనల కిందికి వస్తుంది. జెండర్, కార్మిక, సాంఘికాభివృద్ధి మంత్రిత్వ శాఖ ఆమోదం ఉండాలి. జిల్లాకొక ప్రొబేషన్ అండ్ సోషల్ వెల్ఫేర్ ఆఫీసర్ ఉంటారు. పాస్టర్ గారిని ఆమోదపత్రం కాపీ అడగండి. ఆ ఆఫీసర్ ఫోన్ నంబరు మాత్రం పాస్టర్ గారి దగ్గర కాకుండా జిల్లా కార్యాలయం నుంచి తీసుకుని మాట్లాడండి. నిజాయతీగా నడిపేవాళ్లు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. నొచ్చుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

తర్వాత పాస్టర్ గారినే కొన్ని సంగతులు అడగండి. ఎంతమందికి తల్లో తండ్రో బతికి ఉన్నారు? స్కూలు సెలవుల్లో పిల్లలు ఎక్కడికి వెళ్తారు? రాత్రిపూట పిల్లలతో ఎవరుంటారు, ఎంతమంది ఉంటారు? గత ఏడాది ఎన్ని విదేశీ బృందాలు వచ్చాయి? వీటిలో సెలవుల ప్రశ్న గట్టిది. అక్కడ బడులకు ఏడాదికి మూడు టర్ములు. మొదటిది ఫిబ్రవరి ప్రాంతంలో మొదలై మే మొదటి వారాలకు ముగుస్తుంది, ఆ తర్వాత సెలవులు. సరిగ్గా మీరు వెళ్లే సమయం. మేనత్తో, అమ్మమ్మో ఉన్న పిల్లలు అప్పుడు ఊళ్లకు వెళ్లాలి. ఆ సెలవుల్లో కూడా 60కి 60 మందీ హోంలోనే కనిపిస్తే, మీ బృందం వస్తోందని ఆపి ఉండొచ్చు.

‘అందరూ అనాథలే’ అన్న మాట దగ్గర ఆగాల్సిందే. నేపాల్‌లో, కంబోడియాలో ప్రభుత్వాలు, యూనిసెఫ్ లెక్కలు తీస్తే హోముల్లోని పిల్లల్లో అత్యధికులకు తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు బతికే ఉన్నారని తేలింది. వాళ్లను హోంకు చేర్చింది ఎక్కువగా బడి ఫీజు కట్టలేని పేదరికం. నేపాల్‌లో 1996 నుంచి 2006 దాకా సాగిన అంతర్యుద్ధ కాలంలో హుమ్లా వంటి కొండ జిల్లాల్లో తల్లిదండ్రులు పిల్లల్ని దళారుల చేతిలో పెట్టారు, చదివిస్తామన్న మాట నమ్మి ఎదురు డబ్బు కూడా ఇచ్చారు. ఆ పిల్లలు కాఠ్మాండూలో అనాథలుగా తేలారు. విదేశీయులు చూడటానికి వస్తారు, చూసి డబ్బిస్తారు, డబ్బు రావాలంటే పిల్లలు కావాలి. ఈ గొలుసు చూసే కెన్యా 2017 నవంబరులో కొత్త హోముల రిజిస్ట్రేషన్ ఆపేసింది. ఆస్ట్రేలియా 2018 నాటి ఆధునిక బానిసత్వ చట్టం సందర్భంగా అనాథాశ్రమాల పేరిట జరిగే పిల్లల రవాణాను చర్చకు తెచ్చింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం తీర్మానంలోకి కూడా అనాథాశ్రమాలకు వెళ్లే ఈ విదేశీ వాలంటీర్ల సమస్య ఎక్కింది.

సరే, హోం సక్రమమైనదే అనుకుందాం. అప్పుడైనా 60 మంది పిల్లల మధ్య 12 మంది కొత్తవాళ్లు పది రోజులు ఉండి పోవడం వాళ్లకు మేలు కాదు. హోంలోకి అడుగుపెట్టగానే ఒక నాలుగేళ్ల పాప పరుగెత్తుకొచ్చి మీ చంక ఎక్కుతుంది. ‘ఎంత ప్రేమో’ అని మనవాళ్లు కరిగిపోతారు. పిల్లల వైద్యులు అక్కడ చూసేది ఇంకొకటి: తనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో తేడా తెలియని స్థితి. రుమేనియాలోని బుకారెస్టులో 136 మంది శిశువులతో 2000ల మొదట్లో ప్రారంభమై ఏళ్ల తరబడి సాగిన అధ్యయనం దీన్ని లోతుగా చూసింది. రెండేళ్లలోపే సంస్థ నుంచి కుటుంబానికి మారిన పిల్లలు, సంస్థలోనే ఉండిపోయిన పిల్లల కంటే అనుబంధాల్లో మెరుగ్గా ఎదిగారు. చంటిబిడ్డకు కావలసింది రోజూ అదే మనిషి. మీరు పదో రోజున ఏడుస్తూ చేయి ఊపి వచ్చేస్తారు. ఆ పాపకు అది ఇంకొక తెగిపోవడం. తర్వాతి నెల మరో బృందం.

మరి వెళ్లొద్దా? వెళ్లండి, పని మార్చుకుని వెళ్లండి. 12 మంది ఎక్కువ, 5 లేదా 6 చాలు. అనాథాశ్రమానికి బదులు అక్కడి ఒక స్థానిక సంఘానికి అతిథులుగా వెళ్లండి. ఉదయం పూట ఆ ప్రాంతం సండే స్కూల్ టీచర్లు 15, 20 మందికి శిక్షణ ఇవ్వండి. మధ్యాహ్నం ఆ టీచర్లే తమ పేట పిల్లలకు వి.బి.ఎస్. నడపాలి, మీవాళ్లు వెనక నిలబడి సామాను అందించాలి. సాయంత్రం పిల్లలు ఇంటికి వెళ్తారు, రేపు కూడా అదే టీచరు కనిపిస్తుంది, మీరు వచ్చేశాక కూడా.

ఐదు రోజులకు ఐదు కథలు, అంతకు మించొద్దు. ఉగాండాలో ఇంగ్లీషు అధికార భాష, పెద్ద పిల్లలకు అర్థమవుతుంది. చిన్నవాళ్లకు కంపాలా వైపు లుగాండా కావాలి, అంటే అనువాదకుడు కావాలి. అనువాదంతో 40 నిమిషాల పాఠంలో మీకు దక్కేది 20 నిమిషాలే. మనవాళ్లు ఇక్కడ గంటకు రాసుకున్న పాఠం అక్కడ గంటలో సగం కూడా కదలదు, దాంతో చివరి కథను పరుగెత్తిస్తారు. ముందే సగానికి కత్తిరించండి. యాక్షన్ సాంగ్స్ తెలుగువైనా ఫర్వాలేదు, పిల్లలకు చేతులే భాష.

ఇక గోడలకు రంగులు వేయడం. కంపాలాలో పెయింటర్లున్నారు, వాళ్లకు పనీ కావాలి. బీటెక్ చదివిన ఆరుగురు అంత దూరం వెళ్లి వంకరగా రంగు కొట్టి వస్తే, మళ్లీ కొట్టించే ఖర్చు ఆ సంఘం మీదే పడుతుంది.

వీసా: ఈ-వీసా సింగిల్ ఎంట్రీ 50 డాలర్లు. కెన్యా, రువాండా కూడా తిరిగేట్టయితే మూడు దేశాలకూ పనికొచ్చే తూర్పు ఆఫ్రికా టూరిస్ట్ వీసా 100 డాలర్లు, 90 రోజులు. టూరిస్ట్ వీసా మీద శిక్షణలు ఇవ్వొచ్చా అన్నది ఆతిథ్యమిచ్చే సంఘం చేత అక్కడి ఇమిగ్రేషన్ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగించండి. ఆహ్వానపత్రంలో ఒకటి, దరఖాస్తులో ఒకటి రాస్తే ఎంటెబ్బే విమానాశ్రయంలో ప్రశ్నలు తప్పవు.

ప్రశ్న: టీమ్‌లో అందరికీ పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తెమ్మని మేం వెళ్లబోయే దేశపు సంఘం అడిగింది. విజయవాడ పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్తే సరిపోతుందా?
*పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ*

జవాబు: అడిగారంటే మంచి సంఘమే. కానీ పాస్‌పోర్ట్ కార్యాలయం ఇచ్చే పీసీసీ ఉద్యోగం, స్థిర నివాసం, దీర్ఘకాలిక వీసా వంటి వాటికోసం. టూరిస్ట్ వీసా మీద వెళ్లేవాళ్లకు ఇవ్వరు. ఇది తెలియక ఫీజు కట్టి, స్లాటు తీసుకుని, అక్కడిదాకా వెళ్లి వెనక్కి వస్తుంటారు. మీ పరిధి పోలీస్ స్టేషన్‌లో నడవడిక ధ్రువీకరణకు దరఖాస్తు పెట్టండి. దాంతోపాటు ప్రతి ఒక్కరికీ ఇద్దరు పూచీదారుల పేర్లు, వాళ్లలో ఒకరు సంఘం బయటివాళ్లు, తీసుకుని సంఘ పెద్దలే స్వయంగా ఫోన్ చేసి అడగాలి. ‘ఈ మనిషిని మీ పిల్లల దగ్గర ఒంటరిగా వదులుతారా?’ అన్నదే ప్రశ్న. అవతలివాళ్లు ఒక్క క్షణం తటపటాయించినా ఆ పేరు పక్కన పెట్టండి.

ప్రశ్న: ఉగాండా, కెన్యా వెళ్లేవారు ఏ ఇంజెక్షన్లు వేయించుకోవాలి? ఎన్ని రోజుల ముందు?
*నర్సింగ్ విద్యార్థిని, గుంటూరు*

జవాబు: మొదటిది ఎల్లో ఫీవర్ టీకా. ఉగాండా దిగాలన్నా ఇదే, అక్కడి నుంచి మన దేశంలోకి తిరిగి రావాలన్నా ఇదే. సర్టిఫికెట్ టీకా వేసిన 10 రోజుల తర్వాత మాత్రమే చెల్లుతుంది, ఆ పైన జీవితాంతం. లేకుండా శంషాబాద్‌లో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. కేంద్రం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖపట్నం పోర్ట్ హెల్త్ ఆఫీసు అలాంటివి. ఒక సీసాలో పలు డోసులుంటాయి, తెరిస్తే కొన్ని గంటల్లో వాడేయాలి. అందుకే నిర్ణీత రోజుల్లోనే వేస్తారు, ముందు స్లాటు కావాలి. బయల్దేరడానికి ఆరు వారాల ముందు ఈ పని పెట్టుకోండి. పసుపు రంగు కార్డు మీద పేరు, పాస్‌పోర్ట్ నంబరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. గుడ్డు అంటే తీవ్రమైన అలర్జీ ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు, గర్భిణులు, 60 దాటినవారు ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) వంటి మరో సజీవ టీకా వేయించుకునే పని ఉంటే అదే రోజున వేయించాలి, లేదా నాలుగు వారాలు ఆగాలి.

మలేరియాకు టీకా మీద ఆధారపడొద్దు, మాత్రలు వాడాలి. అక్కడి మలేరియాకు మన పాత క్లోరోక్విన్ పనిచేయదు. డాక్టర్లు మామూలుగా రాసేవి రెండు. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి, వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక 28 రోజులు. అటోవక్వోన్–ప్రొగ్వానిల్ అయితే తిరిగొచ్చాక 7 రోజులు చాలు, కానీ ఖరీదెక్కువ. డాక్సీసైక్లిన్ మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలో మంట పుడుతుంది. అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంటైనా కూర్చోవాలి. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది కూడా. మనవాళ్లు చేసే అసలు పొరపాటు ఇంటికొచ్చాక మాత్రలు ఆపేయడం. తిరిగొచ్చిన మూడు నెలల్లో జ్వరం వస్తే గుంటూరులో ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందు చెప్పాల్సిన మాట ‘ఆఫ్రికా వెళ్లొచ్చాను’. చెప్పకపోతే డెంగీ పరీక్షతో మొదలవుతుంది, ఈలోగా ఫాల్సిపరం అనే ప్రమాదకర రకం మలేరియా మెదడుకెక్కవచ్చు.

టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, టెటనస్ టీకాలు కూడా చూసుకోండి. ఇంకొక సంగతి: విక్టోరియా సరస్సులో ఈత కొట్టొద్దు. నత్తల ద్వారా నీళ్లలో చేరే బిల్హార్జియా పరాన్నజీవి చర్మంలోంచే లోపలికి పోతుంది. సరస్సు ఒడ్డున బాప్తిస్మాలు జరుగుతుంటే ఒడ్డునే నిలబడి పాట పాడండి.

నర్సింగ్ చదువుతున్నారు కాబట్టి ఇది కూడా: అక్కడి వైద్య మండలి అనుమతి లేకుండా మెడికల్ క్యాంపు పెట్టొద్దు. నులిపురుగుల మాత్రలు అల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు పట్టుకెళ్లి పంచుదామనుకుంటారు. కెన్యా, ఉగాండా ప్రభుత్వాలు వాటిని స్వయంగా పంచే కార్యక్రమాలు నడుపుతున్నాయి. ఎవరికి ఎప్పుడు వేశారో మీకు తెలియదు.

ప్రశ్న: నేను సండే స్కూల్ టీచర్ని. అక్కడి పిల్లలకు బట్టలు, చాక్లెట్లు, బొమ్మలు సేకరిస్తున్నాం. ఇంకేం తీసుకెళ్లమంటారు?
*పటమట, విజయవాడ*

జవాబు: అమ్మా, ముందు పాత బట్టలు ఆపండి. కంపాలాలో ఓవినో మార్కెట్ అని ఒకటుంది, ప్రపంచమంతా వదిలేసిన బట్టలు అక్కడే గుట్టలుగా అమ్ముడవుతాయి. విమానంలో సామాను బరువుకు కట్టే డబ్బుతో అక్కడే కొత్తవి వస్తాయి. పాలపొడి డబ్బాలు అసలే వద్దు. తల్లిపాలు మానిపించి, శుభ్రం కాని నీళ్లలో కలిపి పట్టడం పసిబిడ్డలకు ప్రాణాంతకం.

ఇక్కడి నుంచి తీసుకెళ్లదగ్గవి తేలికైనవి, చాలామంది కలిసి ఆడేవి. 60 మంది పిల్లలకు ఫుట్‌బాళ్లు నాలుగు చాలు: 8 నుంచి 12 ఏళ్లవారికి 4వ సైజు రెండు, పెద్దవాళ్లకు 5వ సైజు రెండు. గాలి తీసి పట్టుకెళ్లండి. బంతులు తీసుకెళ్లి పంపు మర్చిపోతారు, పంపు పెట్టుకుని సూది మర్చిపోతారు. పంపులు రెండు, సూదులు అరడజను. పొడుగు స్కిప్పింగ్ తాళ్లు రెండు. టీచర్లకు ఫ్లాష్ కార్డులు, అవి అక్కడే ఉండిపోవాలి.

పన్నెండేళ్లు పైబడిన ఆడపిల్లల గురించి ఎవరూ ఉత్తరంలో రాయరు, అసలు అవసరం అక్కడుంది. నెలసరి రోజుల్లో బడి మానేస్తారు. ఉతికి వాడుకునే గుడ్డ ప్యాడ్లు ఉగాండాలోనే తయారవుతాయి. ఒక్కో అమ్మాయికి నాలుగైదు ప్యాడ్లు, రెండు లోదుస్తులు, ఒక బట్టల సబ్బు. లోదుస్తులు ఇవ్వకుండా ప్యాడ్లు ఇస్తే నిలబడవు. ఆరేసుకునే చాటు లేకపోతే తడివే కట్టుకుంటారు, పుండ్లు పడతాయి. బడిలో మరుగుదొడ్డికి తలుపు గడియ, లోపల నీళ్ల బకెట్టు ఉన్నాయో లేదో ముందు కనుక్కోండి. లేకపోతే మీ బొమ్మల డబ్బు ఆ గడియకే పెట్టండి.

భోజనం పెట్టాలని ఉంటే మన బిర్యానీ వద్దు, కడుపులు పాడవుతాయి. అక్కడ మొక్కజొన్న పిండితో వండే పోషో, చిక్కుడు గింజలు రోజువారీ తిండి. 60 మంది పిల్లలకు ఒక పూటకు సుమారు 9, 10 కిలోల పిండి, 4 కిలోల ఎండు గింజలు లెక్క వేసుకోండి. గింజలు ముందు రాత్రే నానబెట్టించాలి, లేకపోతే బొగ్గు రెట్టింపు ఖర్చవుతుంది. వండేది అక్కడి వంటామె, వడ్డించేది అక్కడి టీచర్లు. మీరు పిల్లల పక్కన కూర్చుని అదే తినండి.

పంచే తీరులోనే గొడవలు పుడతాయి. 60 అని చెప్పినచోట 74 మంది చేరతారు, 60 పొట్లాలే ఉంటాయి. మిగిలిన 14 మంది కళ్లముందే పంపకం ఆగిపోతుంది, పెద్దపిల్లలు చిన్నవాళ్లవి లాక్కుంటారు. చేతికి చేతికీ ఏదీ ఇవ్వొద్దు. మొత్తం హెడ్మాస్టరుకో, సంఘ పెద్దలకో అప్పగించి జాబితా రాయించి సంతకం తీసుకోండి. మీరు వచ్చేశాక వాళ్లు ఇస్తారు. అప్పుడు పిల్లలు కృతజ్ఞత చెప్పేది తమ టీచరుకు.

నైరోబీ మీదుగా వెళ్తున్నట్లయితే పెట్టెల్లో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు లేకుండా చూసుకోండి. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి నిషేధం. మన పచ్చడి సీసాలు చుట్టిన కవర్లు కూడా అందులోకే వస్తాయి.

ప్రశ్న: నేపాల్ దగ్గర కదా, వీసా కూడా అక్కర్లేదు. అక్కడి పిల్లల హోముల్లో సువార్త చెప్పి, బహుమతులు ఇచ్చి రావాలనుకుంటున్నాం. ఇబ్బందేమైనా ఉంటుందా?
*మంగళగిరి పాఠకులు*

జవాబు: ఉంటుంది, పెద్దదే. నేపాల్ రాజ్యాంగంలోని 26వ అధికరణ, 2018 ఆగస్టు నుంచి అమలులో ఉన్న నేర స్మృతిలోని 158వ సెక్షన్ మత మార్పిడిని నిషేధిస్తున్నాయి. శిక్ష ఐదేళ్ల దాకా జైలు, 50,000 నేపాలీ రూపాయల దాకా జరిమానా. విదేశీయులైతే శిక్ష పూర్తయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. వీసా అక్కర్లేకపోయినా మనం అక్కడ విదేశీయులమే. పిల్లలకు సువార్త, పక్కనే బహుమతి: ఈ రెండూ ఒకే ఫొటోలో కనిపిస్తే దాన్ని ప్రలోభం అంటారు. మీరు మరుసటి రోజు సరిహద్దు దాటి వచ్చేస్తారు, కేసు అక్కడి పాస్టర్ గారి మీద పడుతుంది. కరపత్రాలు పట్టుకెళ్లొద్దు. సంఘం పిలిస్తే ఆరాధనలో కూర్చోండి. నేపాల్ సంఘాలు ఎక్కువగా శనివారమే కూడుకుంటాయి కాబట్టి ఆదివారం లెక్కన టికెట్లు తీయకండి.

హోముల్లో అధిక భాగం కాఠ్మాండూ లోయలో, పర్యాటకులు తిరిగే కాస్కీ, చిత్వన్ జిల్లాల్లో ఉన్నాయి. అనాథలు పర్యాటకుల ఊళ్లలోనే ఎందుకు ఎక్కువయ్యారో ఆలోచించుకోండి. వాళ్ల బడి సంవత్సరం ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది, అంటే మన వేసవి సెలవుల్లో వాళ్లకు పాఠాలు నడుస్తుంటాయి. మీ కార్యక్రమం కోసం బడి మాన్పించొద్దు.

ప్రయాణం వరకు: విజయవాడ మీదుగా వెళ్లే రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో గోరఖ్‌పూర్ దాకా, అక్కడి నుంచి సునౌలీ సరిహద్దుకు రోడ్డు మీద సుమారు 100 కిలోమీటర్లు. విమానంలో వెళ్తే పెద్దవాళ్లకు పాస్‌పోర్ట్ కానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు కానీ ఉండాలి. ఆధార్ చూపించి ఆగిపోయినవాళ్లు చాలామంది.

ప్రశ్న: మా ప్రార్థనా సహకారులకు పిల్లల ఫొటోలు, వీడియోలు పంపకపోతే కానుకలు రావు. ఏం చేయాలి?
*గుణదల, విజయవాడ*

జవాబు: ముఖం, పేరు, ఊరు: ఈ మూడింటిలో ఏ రెండూ ఒకేచోట కనిపించకూడదు. మన దేశంలో అయితే బాలల న్యాయ చట్టం 2015, 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడమే నేరం. ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక్కడ తప్పయింది అక్కడ ఒప్పవదు. టీమ్‌కు ఒకే కెమెరా ఉండాలి, మొదటి రెండు రోజులు అదీ బయటికి తీయొద్దు. యూనిఫాం మీద బడి పేరు కనబడకుండా, ఫోన్‌లో లొకేషన్ ఆపి తీయాలి. వాట్సాప్ స్టేటస్‌లు ఇంటికొచ్చాకే. సంఘానికి చూపించడానికి టీచర్ల శిక్షణ ఫొటోలు పెట్టండి, కట్టించిన మరుగుదొడ్డి ఫొటో పెట్టండి. చిరిగిన చొక్కా, కన్నీళ్లు ఉన్న ఫొటో అయితే ఎక్కువ కానుక వస్తుందన్నది నిజమే. మీ కొడుకు ఫొటో అలా పంపుతారా అని ఒకసారి కమిటీలో అడగండి.

ప్రశ్న: పిల్లలెవరైనా మా టీమ్‌లో ఒకరితో తమను కొడుతున్నారనో, ఇంకేదో జరుగుతోందనో చెబితే?
*యూత్ లీడర్, తెనాలి*

జవాబు: ఇది అడిగినవారు ఈ నెలలో మీరొక్కరే. వినండి, ప్రశ్నలతో గుచ్చొద్దు. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వొద్దు, ఎందుకంటే చెప్పాల్సి వస్తుంది. బయటికి రాగానే ఆ పిల్ల వాడిన మాటలే, అనువాదకుడు చెప్పినవే, తేదీ, సమయంతో రాసిపెట్టండి. ఆరోపణ వచ్చిన మనిషిని నిలదీయకండి. మీరు వెళ్లిపోయాక ఆ పిల్ల వాళ్ల చేతిలోనే ఉంటుంది. బయల్దేరే ముందే టీమ్‌లో ఒకరిని, అక్కడి సంఘంలో ఒకరిని దీనికి బాధ్యులుగా పెట్టుకోండి. బాలల హెల్ప్‌లైన్ ఉగాండాలో, కెన్యాలో 116. నేపాల్‌లో మనలాగే 1098. మీ టీమ్‌లోని వ్యక్తి మీదే మాట వస్తే ఆ గంటే ఆయన్ను పిల్లలకు దూరంగా ఉంచండి. ఇవన్నీ రాకుండా ఉండాలంటే, ఏ పిల్లతోనూ తలుపు మూసిన గదిలో ఒక్కరే ఉండకూడదు. స్నానాలు చేయించడం, బట్టలు మార్చడం మీ పని కాదు. ఫోన్ నంబర్లు, ఫేస్‌బుక్ పేర్లు పిల్లలకు ఇవ్వకూడదు.

ప్రశ్న: మా సంఘ ట్రస్టు ఖాతా నుంచి కంపాలా సంఘానికి 3 లక్షలు పంపొచ్చా?
*కోశాధికారి, గుంటూరు*

జవాబు: ట్రస్టు నుంచి వద్దు. విదేశాలకు డబ్బు పంపడానికి ఉన్న ఆర్‌బీఐ సరళీకృత చెల్లింపుల పథకం వ్యక్తులకే, ట్రస్టులకు కాదు. పైగా ట్రస్టు డబ్బు దేశం బయట ఖర్చయితే, సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) అనుమతి లేకుండా ఆదాయపు పన్ను మినహాయింపు దక్కదు. ఎవరి కానుక వాళ్లు తమ బ్యాంకులో విదేశీ చెల్లింపుల ఏ2 ఫారం నింపి, పాన్ ఇచ్చి, విరాళం అని రాసి పంపుకోవచ్చు. అందరి డబ్బూ ఒకరి ఖాతాలో వేసి ఆయన పేరు మీద పంపిస్తే రేపు ఆ మొత్తానికి లెక్క చెప్పాల్సింది ఆయనే.

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో చిన్న పిల్లల హోం. అమెరికా నుంచి ఎనిమిది మంది వాలంటీర్లు వారం రోజులు వచ్చి మా పిల్లలతో ఉంటామంటున్నారు. కొంత సాయం కూడా చేస్తారట. అభ్యంతరమా?
*పాఠకులు, గుంటూరు జిల్లా*

జవాబు: మీ హోం బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్టరై ఉందా? ప్రతి పిల్లకూ బాలల సంక్షేమ కమిటీ ఆదేశం ఉందా? లేకపోతే అతిథుల సంగతి పక్కన పెట్టి ముందు అది చేయండి. రిజిస్ట్రేషన్ లేకుండా నడపడానికి ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ ఉన్నాయి.

రిజిస్టరై ఉంటే, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి పేర్లు, పాస్‌పోర్ట్ నంబర్లు, తేదీలతో ముందే లేఖ ఇవ్వండి. టూరిస్ట్ వీసా మీద నెలలోపు, జీతం లేని స్వచ్ఛంద పని చేయవచ్చు. ప్రసంగాలు, సువార్త సభలు చేయకూడదు, దానికి మిషనరీ వీసా వేరుగా ఉంది. స్టేజీ మీద నిలబెట్టి మైకు చేతికిచ్చేది మనమే, బ్లాక్‌లిస్టులో పడేది వాళ్లు. వాళ్లను హోంలో పడుకోబెట్టొద్దు, గుంటూరులో హోటల్ తీసుకోమనండి. విదేశీ అతిథి వివరాలు అధికారులకు తెలిపే ఫారం హోటల్ వాళ్లే 24 గంటల్లోగా నింపుతారు. మీ ఇంట్లో ఉంచుకుంటే ఆ ఫారం నింపాల్సింది మీరు.

సాయం విషయంలో ఇంకా జాగ్రత్త. విదేశీయుడు గుంటూరులో నిలబడి చేతికి ఇచ్చినా అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. ఉంటే ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ ఉన్న పక్క సొసైటీ ద్వారా తిప్పుకోవడం కూడా కుదరదు. పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు.

వారం రోజులు పిల్లలతో ఆడించడానికి బదులు వాళ్లలో నర్సులు, కౌన్సెలర్లు, టీచర్లు ఎవరున్నారో అడిగి, మీ ఆయాలకు, వార్డెన్‌కు రోజూ రెండు గంటలు శిక్షణ ఇప్పించండి. పిల్లలు బడికి వెళ్లిన సమయంలో.

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. యూత్‌తో పంపమని గోల చేస్తున్నాడు.
*ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు*

జవాబు: ఈ ఏడు వద్దమ్మా. 18 నిండనివాడు పిల్లల రక్షణ నియమాల్లో తానే ఒక పిల్లవాడు. అతన్ని చూసుకోవడానికి టీమ్‌లో ఒకరు కేటాయించాలి, రాత్రి వేరే గది ఏర్పాటు కావాలి, ఆసుపత్రిలో సంతకం పెట్టే అధికారం ఎవరిదో నోటరీ పత్రం రాయాలి. మే నెలలో మీ సంఘం వి.బి.ఎస్.లో టీచరుకు సహాయకుడిగా పది రోజులు పెట్టించండి. పాస్‌పోర్ట్ మాత్రం ఇప్పుడే చేయించొచ్చు.